మేటి జట్టు లెక్క
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

రెండు నెలల క్రితం మన సంఘం కార్యవర్గం నుంచి నాకో ఉత్తరం వచ్చింది. యాభై ఏళ్లలో ఈ బడిలో చదివినవాళ్లలోంచి ఏ సెక్షన్ తరఫున పదకొండు మందిని, బీ సెక్షన్ తరఫున పదకొండు మందిని ఎంచాలట. ఆ రెండు జాబితాలనూ పక్కపక్కనే రాతిపలక మీద చెక్కించి వరండాలో పెడతారట. “నువ్వు ఇంజనీరువి, లెక్కలు తెలిసినవాడివి. ఏ సెక్షన్ గొప్పో ఎప్పటినుంచో తేలని వాదన, నువ్వు తేల్చు” అని రాశారు.

నా మీద అంత నమ్మకం ఉంచినందుకు ధన్యవాదాలు. కానీ మేటి జట్టును ఎంచే పని నా జీవితంలో రెండుసార్లు చేశాను. రెండుసార్లూ తప్పాను. ఒకసారి అమెరికాలో, ఒకసారి ఇదిగో ఈ గోడ అవతలున్న మైదానంలో. ముందు అమెరికా సంగతి చెబుతాను. అది చెప్పడం తేలిక.

1998లో ఉద్యోగం కోసం కాన్సాస్ సిటీ వెళ్లాను. ఆ ఊళ్లో సోమవారం ఆఫీసుకి వచ్చినవాడెవడూ ముందు పని గురించి మాట్లాడడు, ఆదివారం ఫుట్‌బాల్ ఆట గురించి మాట్లాడతాడు. ఫుట్‌బాల్ అంటే మనం కాలితో ఆడేది కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు వస్తాయి. బంతి మన చేతిలో ఉన్నప్పుడు ఆడే పదకొండు మంది వేరు, అవతలివాళ్ల చేతిలో ఉన్నప్పుడు ఆపే పదకొండు మంది వేరు. అంటే జట్టుకి ఇరవై రెండు స్థానాలు. బంతి విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. అతని ముందు ఐదుగురు భారీ మనుషులు గోడలా నిలబడతారు. వాళ్ల పని శత్రువును ఆపడమే. ఆట మొత్తంలో బంతిని ముట్టేది మధ్యలో ఉన్నవాడొక్కడే, అదీ వెనక్కి అందించడానికి. ఈ ఐదుగుర్ని కాస్త గుర్తుపెట్టుకోండి.

అక్కడి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో రెండు కూటములున్నాయి, ఏఎఫ్‌సీ, ఎన్‌ఎఫ్‌సీ అని. వాటి వెనక పెద్ద పోటీ కథ ఉంది. పాత లీగ్ తమకు చోటివ్వలేదని లామార్ హంట్ అనే ఆయన మరికొందరితో కలిసి వేరే లీగ్ పెట్టాడు. 1960లో ఆటలు మొదలయ్యాయి. మా కాన్సాస్ సిటీ చీఫ్స్ జట్టు ఆయనదే. పాత లీగ్‌వాళ్లు కొత్తవాళ్లను చిన్నచూపు చూశారు. 1967 జనవరిలో రెండు లీగ్‌ల విజేతలూ మొదటిసారి తలపడితే పాతవాళ్ల గ్రీన్ బే జట్టు మా చీఫ్స్‌ను 35-10తో ఓడించింది. రెండో ఏడూ గ్రీన్ బేదే గెలుపు. మూడో ఏడు, 1969లో, న్యూయార్క్ జెట్స్ క్వార్టర్‌బ్యాక్ జో నేమత్ గెలిచి తీరతామని ముందే మాటిచ్చి 16-7తో గెలిచి చూపించాడు. నాలుగో ఏడు మా చీఫ్స్ గెలిచారు. 1970లో రెండు లీగ్‌లూ ఒకటయ్యాయి.

ఒకటైనప్పుడు ఒక చిక్కొచ్చింది. పాత లీగ్‌లో 16 జట్లు, కొత్తదాంట్లో 10. సమానంగా 13, 13 చేయాలి. అందుకని బాల్టిమోర్, క్లీవ్‌లాండ్, పిట్స్‌బర్గ్ జట్లను పాతవాళ్లలోంచి ఇటు పంపారు. నిన్నటిదాకా కొత్త లీగ్‌ను వెక్కిరించిన ఊళ్లు తెల్లారేసరికి ఆ పక్షం మనుషులైపోయాయి. మన బడిలో ఆరో తరగతి చేరేటప్పుడు ముందొచ్చినవాళ్లను ఏ సెక్షన్‌లో, తర్వాతొచ్చినవాళ్లను బీ సెక్షన్‌లో వేశారు. మా నాన్న ఆ రోజు బస్సు తప్పిపోయి ఉంటే నేనీపాటికి బీ సెక్షన్ గొప్పతనం గురించి మాట్లాడుతుండేవాణ్ణి.

మా ఆఫీసులో నా పక్క బల్ల దగ్గర సెయింట్ లూయిస్ ఊరతను ఉండేవాడు. రెండు ఊళ్లూ మిస్సోరి రాష్ట్రంలోవే. సెయింట్ లూయిస్ రామ్స్ జట్టు ఎన్‌ఎఫ్‌సీ, మా చీఫ్స్ ఏఎఫ్‌సీ. ఇక చూసుకోండి. అతనికి పెద్ద బలం ఉంది: 1985 జనవరి నుంచి 1997 జనవరి వరకు వరసగా 13 సూపర్ బౌల్ పోటీలు ఎన్‌ఎఫ్‌సీ జట్లే గెలిచాయి. ఒకసారి 46-10, ఒకసారి 55-10, ఒకసారి 52-17. నా చేతిలో ఉన్నవి రెండే: 1998లోనూ 1999లోనూ ఏఎఫ్‌సీ నుంచి డెన్వర్ గెలిచింది. “గాలి మారింది” అంటాను నేను. “ఒక్క జట్టు గెలిస్తే కూటమి గొప్పదవుతుందా?” అంటాడతను. ఆ ప్రశ్న సబబైనదే. ఒక్క విజేతను చూసి పదిహేను పదహారు జట్ల బలం చెప్పలేం.

1999 ఆగస్టులో, సీజన్ మొదలయ్యే ముందు, నాకో ఉపాయం తట్టింది. రెండు కూటముల్లోంచీ ఒక్కో స్థానానికి అందరికన్నా మేటి ఆటగాణ్ణి తీద్దాం. ఇరవై రెండు స్థానాలు, ఇరవై రెండు మార్కులు. ఎవరికెక్కువ వస్తే ఆ కూటమే గొప్ప. ఇంజనీరు బుర్ర కదా, తెల్ల కాగితం మీద అడ్డగీతలు, నిలువుగీతలు గీసేశాను.

క్వార్టర్‌బ్యాక్ దగ్గర శాన్‌ఫ్రాన్సిస్కో ఆటగాడు స్టీవ్ యంగ్. మార్కు ఎన్‌ఎఫ్‌సీకి. బంతి పట్టుకుని పరిగెత్తే స్థానంలో, అంతకుముందు సీజన్‌లో 2,008 గజాలు పరిగెత్తిన డెన్వర్ ఆటగాడు టెరెల్ డేవిస్. మార్కు మాకు. విసిరిన బంతిని అందుకునేవాళ్లలో, తన మొదటి సీజన్‌లోనే 17 టచ్‌డౌన్లు పట్టిన ర్యాండీ మాస్. మార్కు వాళ్లకు. బంతి విసిరేవాడి మీదికి దూకి పడగొట్టే స్థానంలో మా చీఫ్స్ డెరిక్ థామస్. ఇక్కడ అభిమానం కొంత పనిచేసింది, ఒప్పుకుంటాను. ఇలా గంటసేపు కూర్చుని తేల్చాం. ఏఎఫ్‌సీకి 12, ఎన్‌ఎఫ్‌సీకి 10. నేను ఆ కాగితం నా బల్ల ముందు అంటించాను. అతను ఏమీ అనలేదు.

సీజన్ మొదలైంది. నెల తిరక్కుండానే స్టీవ్ యంగ్ తలకు దెబ్బ తగిలి మైదానం వదిలాడు. మళ్లీ ఆడలేదు. వారం తేడాతో టెరెల్ డేవిస్ మోకాలు దెబ్బతింది. కాగితం మీద మొదటి రెండు పేర్లూ పోయాయి.

అంతకుముందే సెయింట్ లూయిస్‌లో ఇంకో దెబ్బ తగిలింది. ఆగస్టు చివర్లో, సన్నాహక ఆటలోనే, రామ్స్ క్వార్టర్‌బ్యాక్ ట్రెంట్ గ్రీన్ మోకాలు పోయింది. గతేడాది 16 ఆటల్లో నాలుగే గెలిచిన జట్టు అది. కోచ్ డిక్ వర్మీల్ విలేకరుల ముందే కన్నీళ్లు పెట్టుకున్నాడు. మా పక్క బల్ల మిత్రుడు ఆ వారం ఆటల ఊసే ఎత్తలేదు. గ్రీన్ స్థానంలో కర్ట్ వార్నర్ అనే అతన్ని దించారు. కాలేజీ చదువయ్యాక ఏ జట్టూ ఎంచుకోని మనిషి. గ్రీన్ బే జట్టు పిలిచి, చూసి, వద్దని పంపేస్తే అయోవా రాష్ట్రంలో ఒక కిరాణా దుకాణంలో రాత్రిపూట అరల్లో సరుకులు సర్దాడు. తర్వాత కప్పు కింద ఆడే చిన్న లీగ్‌లో, ఆ తర్వాత ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆడాడు. నా కాగితంలో కాదు కదా, ఆ దేశంలో ఎవరి కాగితంలోనూ అతని పేరు ఉండి ఉండదు.

ఆ ఏడాది అతను 41 టచ్‌డౌన్లు విసిరాడు. లీగ్ మొత్తానికీ ఉత్తమ ఆటగాడయ్యాడు. రామ్స్ 13 ఆటలు గెలిచారు. 2000 జనవరి 30న అట్లాంటాలో సూపర్ బౌల్. అవతల ఏఎఫ్‌సీ తరఫున టెనెసీ టైటన్స్. ఆఖరి క్షణాల్లో స్కోరు 23-16. చివరి బంతి టైటన్స్ ఆటగాడు కెవిన్ డైసన్ అందుకుని గీత వైపు దూకాడు. మైక్ జోన్స్ అనే రామ్స్ ఆటగాడు కాళ్లు దొరకబుచ్చుకుని పడేశాడు. చాచిన చేతికీ గీతకీ మధ్య ఒక్క గజం. ఆట అయిపోయింది. ఆ జోన్స్‌ను కూడా కాలేజీ తర్వాత ఏ జట్టూ ఎంచుకోలేదు. పైగా మా కాన్సాస్ సిటీలోనే పుట్టినవాడు. నా కాగితంలో అతనూ లేడు.

సోమవారం ఆఫీసుకి వెళ్లేసరికి నా బల్ల ముందున్న కాగితం కింద మిత్రుడు ఒక గీత గీశాడు. దాని పక్కన “1 గజం” అని రాశాడు. అంతే.

నేనెక్కడ తప్పానా అని చాలాకాలం ఆలోచించాను. వార్నర్ వస్తాడని ఊహించలేకపోవడం తప్పు కాదు, అది ఎవరివల్లా కాదు. నా పద్ధతిలోనే మూడు లోపాలున్నాయి.

మొదటిది, నేను ఎంచింది మేటివాళ్లను కాదు, నాకు తెలిసిన పేర్లను. బంతి చుట్టూ ఉన్నవాళ్ల పేర్లు గబగబా రాసేశాను. ఇందాక గుర్తుపెట్టుకోమన్న ఐదుగురు గోడమనుషుల దగ్గరికొచ్చేసరికి నా కలం ఆగిపోయింది. చీఫ్స్ జట్టులో విల్ షీల్డ్స్ ఉన్నాడు కాబట్టి ఒక గడి నిండింది. మిగతావి పక్కవాళ్లను అడిగి నింపాను. అయినా అన్నిటికీ ఒకటే మార్కు. లీగ్‌వాళ్లు జరిపే మేటివాళ్ల ఆట ప్రో బౌల్‌కి కూడా ఎంపిక ఇలాగే ఉంటుందని కొందరంటారు. అక్కడ ఓట్లను మూడు వాటాలు చేశారు. అభిమానులకొకటి, ఆటగాళ్లకొకటి, కోచ్‌లకొకటి. ఎదురుగా నిలబడి దెబ్బ తిన్నవాడికి తెలుస్తుంది, అవతలివాడెంత గట్టివాడో.

రెండోది, ఇరవై రెండు మంది మేటివాళ్లను కూడితే జట్టు కాదు. ఇది ఇంజనీరుకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎంత మంచి మోటారు బిగించినా, దానికి సరిపోని పైపు వేస్తే నీళ్లు రావు. 2003లో మా చీఫ్స్‌కి ఇదే జరిగింది. అప్పటికి ఆ డిక్ వర్మీలే మా కోచ్, ఆ ట్రెంట్ గ్రీనే మా క్వార్టర్‌బ్యాక్. లీగ్‌లో అందరికన్నా ఎక్కువ పాయింట్లు చేసిన జట్టు మాదే. ప్రీస్ట్ హోమ్స్ ఆ ఏడాది 27 టచ్‌డౌన్లతో అప్పటి రికార్డు కొట్టాడు. 13 ఆటలు గెలిచాం. 2004 జనవరిలో మా సొంత మైదానంలో ఇండియానాపొలిస్‌తో నాకౌట్ ఆట. ఆ రోజు మొత్తంలో ఏ జట్టూ ఒక్కసారి కూడా బంతిని దూరంగా తన్ని వదులుకోవాల్సిన పని పడలేదు. అంటే ఏ పక్షమూ రెండో పక్షాన్ని ఆపలేకపోయింది. 38-31తో ఓడిపోయాం. పాయింట్లు చేసే మేటివాళ్లంతా మా దగ్గరున్నారు. ఆపేవాడు లేడు.

మూడోది, నేను పోల్చిన రెండు గుంపులూ నిలకడగా ఉండేవి కావు. ఆ ఏడాది రామ్స్‌ను గెలిపించినవాళ్లలో ముఖ్యుడు మార్షల్ ఫాక్. అతను కొన్ని నెలల ముందే ఏఎఫ్‌సీ జట్టు నుంచి అటు మారాడు. తర్వాత మా గోడలో నిలబడ్డ విల్లీ రోఫ్ 2002లో ఎన్‌ఎఫ్‌సీ నుంచి ఇటొచ్చాడు. అదే ఏడాది సియాటెల్ జట్టు మొత్తం ఇటునుంచి అటు వెళ్లింది. మరి నేను ఏ గొప్పతనాన్ని ఎవరి ఖాతాలో వేశాను?

ఇంతకీ రెండు కూటములను సరిగ్గా పోల్చే దారే లేదా అంటే, ఉంది. ఇప్పుడు 32 జట్లున్నాయి. ప్రతి జట్టూ మామూలు సీజన్‌లో 17 ఆటలాడితే, అందులో ఐదు అవతలి కూటమితో. అంటే ఏడాదికి 80 ఆటలు. ఆ 80 ఆటల్లో గెలిచిన జట్టూ ఆడుతుంది, అందరికన్నా అడుగున ఉన్న జట్టూ ఆడుతుంది. వాళ్ల అట్టడుగు జట్టుకీ వీళ్ల అట్టడుగు జట్టుకీ ఉన్న తేడా కూడా లెక్కలోకి వస్తుంది. కూటమి బలం తెలిసేది అక్కడ. ప్రో బౌల్‌లో మేటివాళ్లంతా ఒకచోట చేరినా, ఎవరికి దెబ్బ తగులుతుందోనని గట్టిగా ఆడరు. 2014 నుంచి మూడేళ్లపాటు కూటముల లెక్క పక్కనపెట్టి పెద్దలు పంచుకున్న జట్లతో ఆడించి చూశారు. చివరికి 2023 నుంచి ఒకర్నొకరు పడేసుకునే ఆటే మానేసి, నడుముకి కట్టుకున్న గుడ్డపీలిక లాగే ఆటగా మార్చేశారు.

ఇక రెండోది, చెప్పడం కష్టమైనది.

పదో తరగతిలో ఏ సెక్షన్‌కీ బీ సెక్షన్‌కీ చెడుగుడు పోటీ పెట్టారు. నేను క్లాసు లీడర్ని. డ్రిల్లు మాస్టారు “ఏడుగుర్ని నువ్వే ఎంచరా” అన్నారు. నేను కూతకెళ్లి పాయింటు తెచ్చేవాళ్లను, చూసేవాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లను, ఏడుగురికి ఏడుగుర్నీ అలాంటివాళ్లనే ఎంచాను. మా క్లాసులో ఒకడుండేవాడు. కూతకెళ్తే ఊపిరి నిలవదు. కానీ అవతలివాడు వస్తే నేలకి కరుచుకుని మడమ పట్టేవాడు, పడితే వదిలేవాడు కాదు. నెలరోజులు సాయంత్రం మైదానంలో సున్నంతో గీతలు గీసిందీ వాడే. వాణ్ణి నేను తీసుకోలేదు.

పోటీ రోజు బీ సెక్షన్‌వాడు కూతకొచ్చినప్పుడల్లా మా ఏడుగురం వెనక్కి జరిగాం. కిందపడి కాలు పట్టేవాడు లేడు. 14 పాయింట్ల తేడాతో ఓడిపోయాం. చూశారా, 2003 దాకా ఆగక్కర్లేకుండానే ఆ పాఠం నాకు ఇక్కడే చెప్పారు. నేను నేర్చుకోలేదు.

వాడు ఆ తర్వాత మైదానానికి రాలేదు. ఓడిపోయామన్న కోపం కాబోలు అనుకున్నాను. మొన్న ఈ ఉత్తరం వచ్చాక ఫోన్ చేసి అడిగాను. చాలాసేపు నవ్వాడు. “ఒరేయ్, ఓడినందుకు కాదురా. పేర్లు చదివేటప్పుడు నా మొహం వైపు చూడకుండా చదివావు. నేను లేనన్నది నీకు ముందే తెలుసు, చెప్పలేదు. పొద్దున్నే సున్నం బకెట్టు నాచేతే తెప్పించావు” అన్నాడు.

అతను ఇవాళ ఈ సభలో ఉన్నాడు. పేరు చెప్పనని మాటిచ్చాను. ఇన్నేళ్ల తర్వాత, అందరి ముందూ, అతని మొహం చూసి క్షమాపణ అడుగుతున్నాను.

అందుచేత, కార్యవర్గ సభ్యులారా, ఆ రెండు జాబితాలూ నేను తయారుచేయలేదు. చేయను. నేను రాస్తే కలెక్టర్లు, డాక్టర్లు, నాలాంటి అమెరికా వెళ్లొచ్చినవాళ్లు ఉంటారు. ఇరవై రెండు పేర్లూ గంటలో నింపేయగలను. కానీ ఈ ఊళ్లో ఉండిపోయి కరెంటు స్తంభాలెక్కినవాళ్లు, పొలం చేసినవాళ్లు, అమ్మానాన్నలను చివరిదాకా చూసుకున్నవాళ్లు ఏ గడిలో పడతారు? ఆ రాతిపలక ముందు నిలబడి తన పేరు కోసం వెతుక్కునే మనిషికి మనం ఏం సమాధానం చెబుతాం?

బదులుగా ఒక మాట మనవి చేస్తాను. పదో తరగతిలో మొదటివాడికి ఏటా మన సంఘం పతకం ఇస్తోంది. ఇవ్వాలి, తీసేయమనడం లేదు. కానీ మన బడి ఎలా ఉందో పతకం వల్ల తెలియదు. ఎనభై ఆటలూ చూడాలి. ఏటా లెక్కల్లో తప్పి ఆగిపోయే పిల్లలెందరో చూడాలి. రాతిపలక కోసం పక్కన పెట్టిన డబ్బుతో ఆ పిల్లలకు సాయంత్రం తరగతి నడుపుదాం. మాస్టారికి జీతం, పిల్లలకు గుగ్గిళ్లు, ఇంటికి చేరడానికి ఆటో. మొదటి సంవత్సరం ఎంత తక్కువపడితే అంత నేనిస్తాను. ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఉంటున్నాను కాబట్టి నెలకు రెండు శనివారాలు వచ్చి లెక్కలు చెబుతాను. నేను చెప్పినా సరే పాసవుతారని ఆశిద్దాం.

చివరగా ఒక్క మాట. మా చీఫ్స్ 1970 జనవరిలో గెలిచాక మళ్లీ సూపర్ బౌల్ గెలవడానికి సరిగ్గా యాభై ఏళ్లు పట్టింది. 2020 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో మీద 31-20తో గెలిచారు. ఇక్కడ తెల్లవారుజామున లేచి టీవీలో చూశాను. ఆట అయ్యాక సెయింట్ లూయిస్ మిత్రుడు ఫోన్ చేశాడు. అతని ఊరి నుంచి రామ్స్ జట్టు 2016లోనే లాస్ ఏంజిలిస్ వెళ్లిపోయింది. అతనికిప్పుడు సొంత జట్టే లేదు. “నీ కాగితం ఇంకా ఉందా?” అని అడిగాడు. ఉందన్నాను. “ఆ గజం గీత చెరిపేయకు” అన్నాడు.

చెరపలేదు. దాని పక్కనే మొన్న సున్నం బకెట్టు బొమ్మ ఒకటి గీశాను.